చవక ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్: నంబరు ఒకటే, పనితీరు వేరు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసిందంటే అనంతపురం, కర్నూలు, కడప కంప్యూటర్ షాపుల్లో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "అన్నా, దీంట్లో గ్రాఫిక్స్ కార్డు ఉందా?" "ఉంది, 4 జీబీ" అనగానే సగం బేరం కుదిరిపోతుంది. ఆ జవాబు అబద్ధం కాదు గానీ, దాన్నిబట్టి తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఒకే పేరున్న చిప్ ఒక ల్యాప్‌టాప్‌లో ఆటను హాయిగా నడిపిస్తుంది, పక్కనున్న దాంట్లో తడబడుతుంది. తేడా అంతా దాని చుట్టూ ఉన్న మెమరీలోనూ, దానికి అందే కరెంటులోనూ ఉంటుంది.

ముందు విడి కార్డు లేని ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం. ఎక్కువమందికి నిజంగా అవసరమైంది అదే. ఇందులో బొమ్మ గీసే పనిని ప్రాసెసర్‌లోనే కలిసి ఉన్న గ్రాఫిక్స్ భాగం చూసుకుంటుంది. దానికి సొంత మెమరీ లేదు, మామూలు ర్యామ్‌లోనే వాటా తీసుకోవాలి. ఆట ఆడేటప్పుడు తెర మీది బొమ్మ సెకనుకు 60 సార్లు కొత్తగా తయారవ్వాలి, ప్రతిసారీ బోలెడంత సమాచారం ర్యామ్ నుంచి రావాలి. కె.సి. కాలువ నిండుగా పారుతున్నా పొలానికి పారేది తూము వెడల్పును బట్టే కదా, ఇక్కడ ఆ తూము ర్యామ్. 3200 వేగమున్న డీడీఆర్4 ర్యామ్ ఒక్క స్టిక్ ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ పారుతుంది, రెండుంటే 51.2. అంటే 16 జీబీని ఒకే స్టిక్‌గా వేయించుకున్నవాడి కన్నా 8 జీబీవి రెండు వేయించుకున్నవాడికి ఆటలు చాలా మెరుగ్గా నడుస్తాయి. ఖర్చులో పెద్ద తేడా ఉండదు.

ఇంటెల్ ఈ విషయాన్ని పేరులోనే చూపిస్తుంది. ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఉన్న ఐ5 ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఒక్క స్టిక్కే ఉంటే, విండోస్‌లో అదే చిప్ మామూలు 'యూహెచ్‌డీ గ్రాఫిక్స్' అని కనిపిస్తుంది. రెండో స్టిక్ పెట్టగానే ఐరిస్ పేరు వస్తుంది. షాపులోనే చూసుకోవచ్చు: టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో, వేగం ఎంతో రాసి ఉంటుంది. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు. అలాంటివాటికి తర్వాత ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో కొనకముందే అడగాలి.

ఏఎండీ వైపు చిక్కు నంబర్లతోనే. రైజెన్ 5 7520యూ, రైజెన్ 7 7735హెచ్ఎస్ అని వింటే రెండూ ఒకే ఏటి సరుకు అనిపిస్తాయి. మొదటిదాంట్లో ఉన్న రేడియాన్ 610ఎంకి గ్రాఫిక్స్ యూనిట్లు 2, రెండోదాంట్లోని 680ఎంకి 12. మొదటిది వీడియోలు చూడ్డానికి సరిపోతుంది. రెండోది, రెండు స్టిక్‌ల డీడీఆర్5 ర్యామ్ తోడుంటే, జీటీఏ 5, వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి సెట్టింగులు కాస్త తగ్గించుకుని బాగానే ఆడిస్తుంది. 780ఎం ఇంకొంచెం మేలు. కొన్నేళ్ల కిందటి చవక విడి కార్డులు, ముఖ్యంగా 2 జీబీ ఎంఎక్స్ రకాలు, వీటి ముందు దండగ.

ఇక విడి కార్డులు. ఈ తరగతిలో ఎక్కువగా ఎదురయ్యేవి ఎన్విడియావే. పాత జీటీఎక్స్ 1650 ఇంకా సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతోంది. చిన్నగా గీసిన బొమ్మను ఏఐతో పెద్దది చేసి ఆట వేగం పెంచే డీఎల్ఎస్ఎస్‌కు కావలసిన భాగాలు దాంట్లో లేవు కాబట్టి బాగా తక్కువకు వస్తే తప్ప వద్దు. ఆర్‌టీఎక్స్ 2050, 4 జీబీ రకం 3050 రెండింటిలోనూ కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు) 2048, మెమరీ 4 జీబీ. కాగితం మీద కవలలే. కానీ 2050కి మెమరీ దారి 64 బిట్లు, 3050కి 128. సెకనుకు 2050 లాగగలిగేది 112 జీబీ, 3050 అయితే 192 వరకు. కోర్లు సమానమైనా 2050 వెనకబడేది ఇందుకే. 4050కి 2560 కోర్లు, 6 జీబీ, 192 జీబీ వేగం. 2025లో వచ్చిన 5050కి అవే 2560 కోర్లు, కానీ 8 జీబీ జీడీడీఆర్7 మెమరీ, 384 జీబీ వేగం.

4 జీబీ అన్నది ఇప్పటి కొత్త ఆటలకు చాలడం లేదు. నిండిపోయాక మిగిలిన బొమ్మల సమాచారం మామూలు ర్యామ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి కార్డుకు వచ్చే దారి సెకనుకు సుమారు 16 జీబీ, కొన్ని ల్యాప్‌టాప్‌లలో అంతకన్నా తక్కువ. సగటు ఫ్రేములు (సెకనుకు తయారయ్యే బొమ్మలు) బాగానే ఉన్నట్టు కనిపిస్తూ మధ్యమధ్యలో ఆట ఉలిక్కిపడినట్టు ఆగడం దీని లక్షణం. టాస్క్ మేనేజర్‌లో డెడికేటెడ్ మెమరీ నిండి, షేర్డ్ మెమరీ పెరుగుతుంటే జబ్బు ఇదే. టెక్స్చర్ (వస్తువుల మీద అతికించే బొమ్మలు) సెట్టింగ్ ఒక మెట్టు దించితే కుదుటపడుతుంది. రిజల్యూషన్ తగ్గించినా అంత ఫలితం ఉండదు.

ఇప్పుడు వాట్లు. 3050ని తయారీదారు 35 వాట్లకూ కట్టొచ్చు, 80 వాట్లకూ కట్టొచ్చు, పేరు మారదు. 4050 అయితే 35 నుంచి 115. వాట్లు బాగా తగ్గించిన 4050 కన్నా నిండు వాట్ల 3050 కొన్ని ఆటల్లో దీటుగా నిలబడుతుంది. ఈ అంకె పెట్టె మీద ఉండదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే 'మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్' అని కనిపిస్తుంది. 4050 కొనేవాళ్లు 75కి తక్కువ ఉంటే ఆలోచించాలి. 100 దాటినందుకు అదనంగా డబ్బు పెట్టాల్సిన పని మాత్రం లేదు.

మన సీమకు అసలు పరీక్ష ఎండాకాలం. ల్యాప్‌టాప్ చల్లబడేది చిప్ వేడికీ గది వేడికీ ఉన్న తేడాను బట్టి. చిప్ 87 డిగ్రీల దగ్గర తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది అనుకుందాం. ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే తేడా 62. మే నెల మధ్యాహ్నం కడపలో మిద్దె కింది గది 40 డిగ్రీలుంటే తేడా 47. అంటే అదే ఫ్యాను, అదే రాగి గొట్టం బయటికి పంపగలిగే వేడి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కలిపి 120 వాట్లు మోసిన యంత్రం ఇక్కడ 90 దగ్గర చతికిలబడుతుంది. చల్లటి గదుల్లో తీసిన రివ్యూల ఫ్రేముల లెక్కలు మన ఇళ్లలో రాకపోవడానికి కారణం ఇదే.

చేయగలిగినవి ఉన్నాయి. వెనక వైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు పెట్టాలి, పరుపు మీద మాత్రం పెట్టొద్దు. ఆటలో ఫ్రేములను 60కి కట్టేయాలి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99కి దించితే టర్బో (అవసరమైనప్పుడు వేగాన్ని అదనంగా పెంచుకోవడం) ఆగిపోతుంది, ప్రాసెసర్ వేడి బాగా తగ్గి ఆ వెసులుబాటు గ్రాఫిక్స్‌కు దక్కుతుంది. బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిష్ యూనిట్ల దగ్గర ఉండేవాళ్లు ఆరు నెలలకోసారి దుమ్ము తీయించాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా పుల్లతో అడ్డుపెట్టాలి, లేకపోతే అదుపులేని వేగానికి బేరింగ్ పోతుంది. ఎయిర్ కూలర్ గది వేడిని తగ్గిస్తుంది కాబట్టి మంచిదే, కానీ దాని తడిగాలికి ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టకండి.

కరెంటు పోతే ఆట గురించి మర్చిపోవడమే మేలు. బ్యాటరీ అంత శక్తిని ఒక్కసారిగా ఇవ్వలేదు కాబట్టి కార్డు వాట్లు పడిపోతాయి. ఎన్విడియా బ్యాటరీ బూస్ట్ పనిచేస్తుంటే మామూలుగా 30 ఫ్రేముల దగ్గరే ఆపేస్తుంది. అది రిపేరు కాదు, సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తక్కర్లేదు.

పని కోసం కొనేవాళ్ల లెక్క వేరు. అను ఫాంట్లలో పెళ్లిపత్రికలు చేసే డీటీపీ సెంటర్‌కు, ట్యాలీకి, కోడింగ్‌కు విడి కార్డు అక్కర్లేదు, ఆ డబ్బు ర్యామ్‌కూ ఎస్ఎస్‌డీకీ పెట్టాలి. సివిల్ విద్యార్థుల 2డీ ఆటోక్యాడ్ కూడా ప్రాసెసర్ వేగం మీదే ఎక్కువ ఆధారపడుతుంది. బ్లెండర్ రెండరింగ్‌కు, పైటార్చ్‌తో మెషిన్ లెర్నింగ్‌కు ఎన్విడియాయే సులువు. అక్కడ 4 జీబీకీ 8 జీబీకీ తేడా వేగంలో కాదు, మోడల్ కార్డు మెమరీలోకి అసలు ఎక్కుతుందా లేదా అన్నదాంట్లో ఉంటుంది.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలకు ఒక మెలిక ఉంది. ఈనాటి కెమెరాలు చాలావరకు హెచ్.265లో 10 బిట్ 4:2:2 (రంగుల సమాచారం ఎక్కువగా ఉండే రకం) రికార్డు చేయగలవు. ఎన్విడియా 40 సిరీస్ వరకు ఏ కార్డూ దీన్ని హార్డ్‌వేర్‌తో విప్పలేదు, 50 సిరీస్ నుంచే ఆ వీలొచ్చింది. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగమే ఆ పని సునాయాసంగా చేసేస్తుంది. అందుకే ఈ ఫైళ్ల వరకు 4050 పక్కన ఇంటెల్ ప్రాసెసర్ ఉంటే టైమ్‌లైన్ సాఫీగా జరుగుతుంది. అయితే ఆటల కోసం మక్స్ స్విచ్‌ను (తెరకు బొమ్మ ఏ గ్రాఫిక్స్ నుంచి వెళ్లాలో మార్చే అమరిక) విడి కార్డుకే మార్చి వదిలేస్తే ఇంటెల్ గ్రాఫిక్స్ ఆగిపోతుంది, ఎడిటింగ్ మళ్లీ ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. ఎడిటింగ్‌కు కూర్చునే ముందు దాన్ని హైబ్రిడ్‌కు మార్చి రీస్టార్ట్ చేయాలి.

దీనికి ఉల్టా జబ్బు కూడా తరచూ కనిపిస్తుంది: కార్డు ఉన్నా ఆట లోపలి గ్రాఫిక్స్ మీదే నడుస్తుంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరకు వెళ్లి ఆ ఆటకు 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకోవాలి. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో రెండో జీపీయూ గీత పైకి లేస్తే పని జరిగినట్టే.