సైగా, భాషా? ఫైలు ఏ బీరువాలో ఉందన్నదే అసలు గొడవ

బధిరులు చేతులతో మాట్లాడుకునే సంజ్ఞా భాషను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో, అంటే రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో, చేర్చాలన్న డిమాండు మళ్ళీ చర్చకు వచ్చింది. దాని వెనకాలే పాత ఎగతాళి కూడా వచ్చింది: చేతులూపడానికి కూడా షెడ్యూల్ కావాలా అని. నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ ఎగతాళి వెనకున్న ఆలోచన ఒకసారి ఢిల్లీలో ప్రభుత్వ ఉత్తర్వు దాకా వెళ్ళింది. అదేమంత పాత సంగతి కాదు. 2015 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నడిచిన ఆ ఐదు నెలల కథ తెలియకపోతే ఇప్పటి గొడవ తలాతోకా లేనట్టే కనిపిస్తుంది.

1880లో బధిర విద్య మీద జరిగిన మిలాన్ అంతర్జాతీయ సభ బధిర పిల్లల బళ్ళలో నోటి మాటే నేర్పాలి, సంజ్ఞలు వద్దు అని తీర్మానించడం, 2010లో వాంకూవర్ సభ దానికి విచారం తెలపడం చాలామంది రాసినవే. వాటిని దాటేద్దాం.

ముందు సైగ సంగతి. టీ కొట్టు ముందు నిలబడి రెండు వేళ్ళు చూపిస్తే రెండు టీలు వస్తాయి. క్లాసులో పిల్లాడు చిటికెన వేలు ఎత్తితే టీచర్ ఇంకేం అడక్కుండా "వెళ్ళిరా" అంటారు. బొటనవేలు నోటి దగ్గర పెట్టి ఎత్తి చూపిస్తే ఆ ఇంటాయన సాయంత్రాలు ఎక్కడ గడుపుతున్నాడో వీధిలో అందరికీ అర్థమవుతుంది. ఇవన్నీ పనికొచ్చేవే, కానీ ఏ సైగకు ఆ సైగే. ఒకదాని పక్కన ఇంకొకటి చేర్చి నిన్నటి మాటగానో, రేపటి మాటగానో, "అలా కాకపోయుంటే" అనో మార్చడం కుదరదు. "నువ్వు రెండో టీ చెప్పకపోయి ఉంటే నేను బస్సు అందుకునేవాణ్ణి" అనే మాట అదే టీ కొట్టు ముందు సైగలతో చెప్పి చూడండి. బస్సు ఎలాగూ పోతుంది, మాట కూడా తెగదు.

ఇప్పుడు అదే చిటికెన వేలు భారతీయ సంజ్ఞా భాషలో ఏం చేస్తుందో చూడండి. అక్కడ దానికీ బాత్రూమ్‌కీ సంబంధం లేదు. చిటికెన వేలు మాత్రమే చాచిన చేతి ఆకారం చెడు వైపు, బొటనవేలు ఎత్తిన ఆకారం మంచి వైపు. ఇవి వేరే సంజ్ఞల్లో కూడా చేరి వాటి అర్థాన్ని అటో ఇటో తిప్పుతాయి. తెలుగులో "దుర్", "సు" అనే రెండు చిన్న ముక్కలు దుర్వార్త, సువార్త అనిపిస్తాయి కదా, ఇంచుమించు అలాంటి పని.

పై పెదవి మీద మీసం గుర్తు పెడితే మగ, ముక్కు పక్కన పుడక గుర్తు పెడితే ఆడ. తోబుట్టువు అనే సంజ్ఞకు ముందు మీసం చేరితే అన్నదమ్ముడు, ముక్కుపుడక చేరితే అక్కచెల్లెలు. ప్రశ్నలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. మనకు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అని వేరు వేరు మాటలున్నాయి. వాళ్ళకు మూలంగా ఉన్నది ఒకే ఒక ప్రశ్న సంజ్ఞ. దాని ముందు ముఖం చేరితే "ఎవరు", చోటు చేరితే "ఎక్కడ", సంఖ్య చేరితే "ఎన్ని". ఆ ప్రశ్న వాక్యం చివర్లో వస్తుంది. కనుబొమలు, తల కదలిక కూడా వ్యాకరణంలో భాగమే, అలంకారం కాదు. ఢిల్లీలోనూ కరాచీలోనూ బధిరులు వాడేది ప్రధానంగా ఒకే భాష అని ఉల్రికే జెషన్ అనే భాషాశాస్త్రవేత్త తేల్చారు. మరోవైపు ఇంగ్లిష్ మాట్లాడే దేశాలే అయినా అమెరికా, బ్రిటన్ సంజ్ఞా భాషలు ఒకదానికొకటి అర్థం కావు. ప్రపంచమంతా ఒకటే సైగలు అనుకునేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగాలి.

కూచిపూడి ముద్రలతో పోల్చేవాళ్ళూ ఉన్నారు. పాట ఆపేస్తే పతాక హస్తం మేఘమో నదో అడవో చెప్పడం కష్టం. పైగా ముద్రలతో ఎవరూ కరెంటు బిల్లు గురించి పోట్లాడుకోరు.

తేడాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం మెదడే ఇచ్చింది. 1992లో అమెరికా పరిశోధకులు ఒక బధిరుడి కేసు ప్రచురించారు. స్ట్రోక్‌తో ఆయన మెదడు ఎడమ భాగం దెబ్బతింది. సంజ్ఞా భాష పోయింది, చేయబోతే తడబాటే. కానీ మూకాభినయం మిగిలింది. ఒక పని ఎలా చేస్తారో చేతులతో నటించి చూపగలిగేవారు, అదే చేతులతో దాని సంజ్ఞ మాత్రం చేయలేకపోయేవారు. చేతులు అవే, వేళ్ళు అవే. పోయింది భాష, మిగిలింది సైగ.

ఇంత స్పష్టంగా ఉన్న విషయం మన దగ్గర ఎందుకు తెగలేదంటే ఢిల్లీ ఫైళ్ళలోకి వెళ్ళాలి.

భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2011లో ఇగ్నో యూనివర్సిటీలో మొదలైంది. ఒక యూనివర్సిటీ ప్రాంగణంలో, తెలుగుకో తమిళానికో శాఖ ఉన్నట్టు, ఒక భాష కోసం పెట్టిన కేంద్రం. రెండేళ్ళకే, 2013లో, అక్కడ మూతపడింది. ఆ తర్వాత 2015 ఏప్రిల్ 20న కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఒక నిర్ణయం చెప్పింది: ఈ కేంద్రాన్ని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఢిల్లీ ప్రాంతీయ కేంద్రంలో కలిపేస్తాం అని.

ఆ సంస్థ పేరు మనవాళ్ళకు కొత్త కాదు. ఉస్మానియా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా, తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేసిన హైదరాబాదీ పేరు మీద 1983లో ముంబైలో పెట్టారు. సికింద్రాబాద్‌లో దానికి ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. వినికిడి పరీక్షలు, హియరింగ్ ఎయిడ్‌లు, స్పీచ్ థెరపీ దాని ప్రధాన పని. చెడ్డ సంస్థ అని ఎవరూ అనలేదు. 2001లో సంజ్ఞా భాషను పద్ధతిగా నేర్పడం మొదలుపెట్టింది కూడా ముంబైలో వాళ్ళే. భవనాలు, సిబ్బంది, బడ్జెట్ లెక్కలో చూస్తే ఇలాంటి విలీనాలకు ఎప్పుడూ ఒక తర్కం దొరుకుతుంది: ఇద్దరూ పనిచేసేది ఒకే జనం కోసం కదా అని.

బధిర సంఘాలు సరిగ్గా అక్కడే అడ్డం తిరిగాయి. రెండు సంస్థల దృష్టి వేరు, లక్ష్యం వేరు అన్నాయి. వినడానికి చిన్న మాటే. కానీ దాని లోపలి అర్థం పెద్దది. ఒక సంస్థకు బధిరుడు అంటే సరిచేయాల్సిన చెవి. ఇంకో సంస్థకు ఒక భాష మాట్లాడే మనిషి. భాషా కేంద్రాన్ని చెవి సంస్థలో కలిపితే ఆ భాష ఏమవుతుంది? చికిత్స ఫలించని వాళ్ళకు చివర్లో ఇచ్చే ఊతకర్ర అవుతుంది. తెలుగు శాఖను తీసుకెళ్ళి ఈఎన్టీ ఆస్పత్రిలో పెడితే మనం ఊరుకుంటామా?

నిరసనలు జరిగాయి, మంత్రులతో సమావేశాలు జరిగాయి. 2015 సెప్టెంబర్ 22న కేంద్ర క్యాబినెట్ ఈ కేంద్రాన్ని విడి సొసైటీగా ఏర్పాటు చేయడానికి ఒప్పుకుంది. ఆరు రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. నోటితో ఒక్క నినాదం చేయలేని వాళ్ళు ఢిల్లీలో ఒక నిర్ణయాన్ని వెనక్కి తిప్పించారు. మన పత్రికల్లో అది ఏ మూల పడిందో వెతుక్కోవాలి.

తర్వాత జరిగినవి చాలావరకు ఆ గెలుపు ఫలితాలే అని నాకనిపిస్తుంది. కేంద్రం నిఘంటువు 2018లో 3,000 పదాలతో వచ్చింది, 2019లో 6,000 అయింది, 2021 ఫిబ్రవరిలో 10,000కు చేరింది. అదే ఏడాది జాతీయ ఓపెన్ స్కూల్‌లో సెకండరీ స్థాయిలో సంజ్ఞా భాష ఒక భాషా సబ్జెక్టుగా వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టులో బధిర న్యాయవాది సారా సన్నీ సంజ్ఞా భాషా ఇంటర్‌ప్రెటర్ సాయంతో హాజరయ్యారు. 2024 డిసెంబర్‌లో కేంద్రం నడిపే చదువుల టీవీ ఛానళ్ళు, పీఎం ఈ-విద్యలో 31వ నంబరు ఛానల్ ఈ భాష కోసమే మొదలైంది.

ఆ నిఘంటువు గురించి ఒక మాట. ఒక్కో బడిలో ఒక్కో సైగలు, వీటన్నిటినీ కలిపి భాష అంటే ఎలా అన్నది పాత అభ్యంతరం. దానికి జవాబు నాలుగు దశాబ్దాల కిందటే వచ్చింది. చిన్నప్పుడే వినికిడి పోయి, హిమాచల్ నుంచి అమెరికాలోని బధిరుల యూనివర్సిటీ గాలోడెట్ దాకా వెళ్ళిన మదన్ వశిష్ట, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 1970ల చివర్లో ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు సంజ్ఞలు సేకరించి పోల్చారు. దాదాపు 75 శాతం ఒకదానికొకటి చుట్టాలే అని తేలింది. శ్రీకాకుళం తెలుగు, చిత్తూరు తెలుగు మధ్య తేడాలు ఎన్ని లేవు?

అవతలి వాదనా వినాలి. నోటి మాట వస్తే పిల్లాడికి లోకం తెరుచుకుంటుంది, ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు అంటారు థెరపిస్టులు. ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్‌కు కేంద్ర పథకం కింద ఒక్కో పిల్లాడికి 6 లక్షల రూపాయల దాకా ఇచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద ఎందరో పిల్లలకు ఆ ఆపరేషన్ జరిగింది. చిన్న వయసులో చేసి, ఏళ్ళ తరబడి థెరపీ చేయిస్తే ఫలితం ఉంటుంది. మాట వినిపించిన రోజు ఆ తల్లి ఏడుపు చూసినవాళ్ళు దాన్ని తేలిగ్గా తీసేయలేరు.

చిక్కంతా ఆ తర్వాతి సలహాతో వస్తుంది: ఇంట్లో చేతులు వాడనివ్వకండి, వాడితే మాట రాదు అని. మాట సరిగ్గా రాని పిల్లాడికి అప్పుడు రెండూ ఉండవు. పెదాలు చూసి నేర్చుకోవచ్చు అంటారు. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా "పాట", "బాట", "మాట" అనండి. మూడింటికీ పెదాలు ఒక్కలాగే కలుస్తాయి, ఒక్కలాగే విడిపోతాయి. ఆ పిల్లాడు చూసేది అదే.

మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో బధిరుల వార్తలు వచ్చేవి. అవి 1987లో మొదలయ్యాయి. ఆ చేతులు తిరిగే తీరు చూసి మేం పిల్లలం నవ్వుతూ అలాగే తిప్పేవాళ్ళం. ఏదో చెబుతున్నట్టే ఉండేది, నిజానికి ఏమీ చెప్పేవాళ్ళం కాదు. 2013లో జొహానెస్‌బర్గ్‌లో నెల్సన్ మండేలా సంస్మరణ సభలో వేదిక మీద నిలబడ్డ ఇంటర్‌ప్రెటర్ చేసిందీ అదే. వినగలిగే ప్రపంచమంతా చూస్తూ కూర్చుంది. అవి అర్థం లేని కదలికలు అని వెంటనే పట్టుకున్నది బధిరులు.

ఇక చట్టం. 1872 నాటి సాక్ష్య చట్టం మాట్లాడలేని సాక్షి సైగలతో చెప్పవచ్చు అంది, దాన్ని నోటి సాక్ష్యంగానే లెక్కించాలి అంది. 2013 సవరణతో ఇంటర్‌ప్రెటర్ ఉండాలి, వీడియో తీయాలి అని చేరింది. ఆ మధ్యలో 2012లో ఒక రాజస్థాన్ హత్య కేసులో సుప్రీంకోర్టు, సైగలకు చెప్పిన అర్థం రాసుకుంటే చాలదు, ఆ సైగలనే రికార్డు చేయాలి అని గుర్తు చేసింది. బెంచి పక్కన కూర్చున్న స్టెనో కనుబొమను ఏ అక్షరంతో రాయాలి?

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. అందులో "భాష" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే మాట్లాడే భాషలతో పాటు సంజ్ఞా భాషలు కూడా ఉన్నాయి. ఆ ఒప్పందం కోసమే తెచ్చిన మన 2016 చట్టం మాత్రం సంజ్ఞా భాషను "కమ్యూనికేషన్" నిర్వచనంలో పెట్టింది, బ్రెయిలీ, పెద్ద అక్షరాల ముద్రణ, ఆడియో, వీడియోల వరసలో. అదే వరసలో "సంజ్ఞలు" అనీ ఉంది, "సంజ్ఞా భాష" అనీ ఉంది. బధిరుడు ఎవరన్నది ఆ చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి లోపంతో తేలుస్తుంది. 2011 జనాభా లెక్కలు 50 లక్షల మందికి పైగా వినికిడి లోపం ఉందని చెప్పాయి.

ఎనిమిదో షెడ్యూల్లో ఇప్పుడు 22 భాషలున్నాయి. చివరిసారి నాలుగు చేరింది 2003లో. ఏ భాష చేర్చాలన్నదానికి స్థిరమైన కొలమానం ఏదీ లేదని ప్రభుత్వం పార్లమెంటులో చెబుతూ వస్తోంది. ఆ వ్యవహారం చూసేది హోం శాఖ. సంజ్ఞా భాషా కేంద్రం ఇప్పటికీ సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖలో, వికలాంగుల విభాగం కింద ఉంది.