అంకెలున్న రేజరు, అంకెల్లేని రేజరు

చిరంజీవులు చిన్నాకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీరు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణే గానీ, ఇలాంటివి ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. కాగితం మీదైతే మళ్లీ చదువుకోవచ్చు. అందుకే రాస్తున్నాను.

చిన్నా, నీకు గడ్డం గట్టిపడుతోంది, సొంతంగా రేజరు కొనుక్కుంటానన్నావు, సంతోషం. మీ నాన్న వాడేదానికి తల కింద ఒక చక్రం, దాని మీద 1 నుంచి 6 దాకా అంకెలు ఉన్నాయి. నాదానికి ఏ అంకెలూ లేవు. పిడి, కింది పలక, పై పలక, అంతే. రెండిట్లో ఏది కొనమంటావని నువ్వు అడుగుతుంటే, వెనక నుంచి బుజ్జి "తాతయ్యా, అంకె పెంచితే బ్లేడుకి పదును పెరుగుతుందా?" అని అరిచింది. ముందు దాని ప్రశ్న చూద్దాం. అది తేలితే నీది సగం తేలినట్టే.

పెరగదమ్మా. రెండు రేజర్లలోనూ పెట్టేది ఒకే బ్లేడు. కిరాణా కొట్లో దొరికే, రెండు వైపులా అంచున్న పల్చటి బ్లేడు. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు. పది బ్లేడులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక్క మిల్లీమీటరు అవుతుందన్నమాట. అంత పల్చటి రేకును ఊరికే పట్టుకుని గీస్తే వణుకుతుంది. అందుకని రెండు పలకల మధ్య పెట్టి, కాస్త వంచి బిగిస్తారు. వంపు తిరిగాక అది గట్టిగా నిలబడుతుంది. బిగించాక దాని అంచు కొద్దిగా బయటికి కనిపిస్తుంది. ఆ అంచుకు కిందగా ఒక మొద్దు కడ్డీ ఉంటుంది, దాన్ని సేఫ్టీ బార్ అంటారు. బ్లేడు అంచుకీ ఆ కడ్డీకీ మధ్యనున్న సందే అసలు సంగతి. అంకె పెంచితే ఆ సందు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. చక్రం చేసే పని అదొక్కటే.

సందు పెరిగితే ఏమవుతుందో తెలియాలంటే మీకు చిత్రిక గురించి చెప్పాలి. మీ అపార్ట్‌మెంట్‌లో కరెంటు మెషీన్లతో పని చేసే వాళ్లనే మీరు చూసి ఉంటారు.

మా చిన్నప్పుడు మా ఇంటి వెనక వీధిలో వడ్రంగి ఆచారి గారి పాక ఉండేది. బడి వదిలితే మా కాళ్లు వాటంతటవే అటు పోయేవి. టేకు చెక్కని చిత్రిక పడుతుంటే వచ్చే వాసన ఇప్పటికీ నాకు తెలుసు. పల్చటి పొరలు చుట్టలు చుట్టుకుంటూ లేచి ఆయన కాళ్ల దగ్గర పడేవి. వాటి కోసం మేం కొట్టుకునేవాళ్లం. ఆడపిల్లలు చెవులకు తగిలించుకునేవాళ్లు, మేం వేళ్లకు తొడుక్కునేవాళ్లం. పొద్దుగూకాక మిగిలినదంతా మా అమ్మ గంపకెత్తుకుని పొయ్యి రాజెయ్యడానికి పట్టుకెళ్లేది.

చిత్రిక అంటే చేత్తో పట్టుకునే చెక్క దిమ్మ. దాని అడుగున సన్నటి గాడి, ఆ గాడిలోంచి ఉలి అంచు రవ్వంత బయటికి. దిమ్మను చెక్క మీద పెట్టి తోస్తే ఆ రవ్వంత మేరకే పొర లేస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఆచారి గారు చిత్రికను తిరగేసి, ఒక కన్ను మూసి, అడుగు వెంబడి చూసేవారు. చాలదనిపిస్తే ఉలి తల మీద సుత్తితో ఒక చిన్న దెబ్బ. ఎక్కువైందనిపిస్తే దిమ్మ వెనక ఒక దెబ్బ, ఉలి వెనక్కి జరిగేది. రంపపు కోత గరుకుగా ఉన్న దూలానికి ఉలి బాగా బయటికి పెట్టేవారు. మందంగా పొరలు లేచి పని తొందరగా సాగేది. అదే తలుపు రెక్కకు ఆఖరి నునుపు పెట్టేటప్పుడు ఉలి కనిపించీ కనిపించనంత. అప్పుడు లేచే పొరని ఎండకు పెట్టి చూస్తే అవతల మనిషి కనపడేవాడు.

మీ నాన్న రేజరు మీద చక్రం అదే, ఆచారి గారి సుత్తి. మూడు రోజుల గడ్డం పెరిగి ఉంటే పెద్ద అంకె పెట్టి ఒకసారి గీసుకోవచ్చు, వెంట్రుకలు సందులో ఇరుక్కోకుండా కోసుకుపోతుంది. రెండోసారి చిన్న అంకెకు దించి నునుపు చేసుకోవచ్చు. అయితే ఒకటి గుర్తుంచుకో. చెక్క గట్టిది, కదలదు. చర్మం మెత్తన. సందు పెద్దదైన కొద్దీ అది అందులోకి ఉబ్బుతుంది, బ్లేడుకు వెంట్రుకతో పాటు అదీ అందుతుంది. పెద్ద అంకె పెట్టి గట్టిగా ఒత్తితే తెగేది అందుకే.

ఈ పోలిక నేను కల్పించింది కాదు. 1760ల్లో ఫ్రాన్సులో జాన్ జాక్ పెరే అని కత్తులు చేసే ఆయన ఉండేవాడు. మంగలి కత్తికి చెక్క తొడుగు వేసి, అంచు కొంచెమే బయటికి ఉండేలా చేశాడు. ఆ ఆలోచన ఆయనకు వడ్రంగి చిత్రికను చూసే వచ్చిందని చెబుతారు. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి మా వెనక వీధి పాక! పనిముట్లను శ్రద్ధగా చూసేవాళ్లకు ఒక పనిలోంచి ఇంకో పని కనిపిస్తుంది.

ఇక నా రేజరు. దానికి సుత్తి దెబ్బ ఫ్యాక్టరీలోనే కొట్టేసి పంపించారు. సందు ఎంతుండాలో తయారుచేసినవాళ్లే నిర్ణయించారు, నేను మార్చలేను. మామూలు రేజర్లలో అది మిల్లీమీటరు కన్నా తక్కువే. ఆ కాస్తలోనే కొన్ని మెత్తగా నడుస్తాయి, కొన్ని కరుకుగా. అంకెలు లేనివన్నీ ఒకటే అనుకుని ఏదో ఒకటి కొనేయకు. కొత్తగా మొదలుపెట్టేవాడికి మెత్తగా నడిచేదే కావాలి.

మార్చలేనన్నానని నా చేతిలో ఏమీ లేదనుకునేవు. చిత్రికకు అడుగు బల్లపరుపుగా ఉంటుంది. చెక్క మీద ఆనితే చాలు, ఉలి వాలు తోసినంతసేపూ అదే ఉంటుంది. రేజరుకు అలాంటి అడుగు లేదు. నీ మణికట్టే దాని అడుగు. ముందు పై పలకను చెంపకు ఆనించు, పిడి దాదాపు నేలకు సమాంతరంగా ఉంటుంది, అప్పుడు బ్లేడు ఏమీ కొయ్యదు. అక్కడి నుంచి పిడిని మెల్లగా కిందికి దించుతూ రా. ఒకచోట బ్లేడు వెంట్రుకను పట్టుకుంటుంది, సన్నగా కరకరమని చప్పుడు వినిపిస్తుంది. అక్కడ ఆగు. బ్లేడుకీ చర్మానికీ మధ్య ఇంచుమించు 30 డిగ్రీలు. ఇంకా దించితే బ్లేడు గోకడం మొదలుపెడుతుంది. చెంప మీద నుంచి దవడ కిందికి వచ్చేసరికి ముఖం వంపు తిరుగుతుంది, మణికట్టూ దాంతో తిరగాలి. ఇది ఏ అంకె పెట్టినా రాదు, చేతికి అలవాటు కావాల్సిందే. ఇంకోమాట, ఆచారి గారు భుజాల బరువంతా పెట్టి తోసేవారు. నువ్వు అసలు ఒత్తకు. రేజరు బరువు చాలు. చెక్కను తడిపితే పని పాడవుతుంది, గడ్డాన్ని తడపకపోతే పని పాడవుతుంది. గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు నాననిస్తే వెంట్రుక మెత్తబడుతుంది.

మా నాన్నగారు వసారాలో స్తంభానికి మేకు కొట్టి అద్దం తగిలించుకుని గీసుకునేవారు. అప్పటి బ్లేడులు మామూలు ఉక్కువి, తడి ఉంటే తెల్లారేసరికి తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు బ్లేడులు 1960ల్లో గానీ రాలేదు. ఆయన గీసుకోవడం అయ్యాక మర విప్పి మూడు ముక్కలూ కడిగి, బ్లేడును తుడిచి, మైనపు కాగితంలో మళ్లీ చుట్టి పెట్టేవారు. పదును తగ్గితే గాజు గ్లాసు లోపల అటూ ఇటూ రాసేవారు. దాంతో ఇంకో రెండు మూడు గీతలు వచ్చేవి. ఆఖరికి ఆ బ్లేడు సగానికి విరిగి మా పెన్సిళ్లకూ, కుట్లు విప్పడానికి అమ్మకూ వచ్చేది. వస్తువును చివరిదాకా వాడుకోవడం ఆ ఇంట్లో మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు.

అసలు ఈ బ్లేడు వాడి పారెయ్యడానికే పుట్టింది. అమెరికాలో బోస్టన్‌లో కింగ్ జిల్లెట్ అనే ఆయనకు వచ్చిన ఆలోచన అది. అంత పల్చటి ఉక్కుకు పదును పెట్టడం కుదరదని చాలామంది చెప్పారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు సాధించి చూపించాడు. 1903లో వాళ్లు అమ్మగలిగింది 51 రేజర్లు. మరుసటి ఏడాది 90 వేలు దాటాయి. అవన్నీ అంకెల్లేనివే. అందరి గడ్డాలూ, అందరి చర్మాలూ ఒకటి కాదు కదా, అందుకని 1950ల మధ్యలో ఆ కంపెనీ ఒకే రేజరును మూడు రకాలుగా చేసింది. మెత్తటి చర్మానికి పిడి చివర నీలం రంగుది, బిరుసు గడ్డానికి ఎర్ర రంగుది, మామూలుగా ఉన్నవాళ్లకు ఏ రంగూ లేనిది. ఆ తర్వాత 1958లో మూడిటి పనీ ఒక్కదాంట్లోనే చేసేలా 1 నుంచి 9 దాకా అంకెలున్న చక్రం పెట్టి, 1 డాలరు 95 సెంట్లకు అమ్మారు. ఎంత చక్కటి బుర్ర! ఒకాయన కొట్లో మూడిటి ముందు నిలబడి ఏది కొనాలో తేల్చుకోలేని అవస్థ తీరిపోయింది.

కాకపోతే ఆ అవస్థ కొట్లోంచి అద్దం ముందుకు వచ్చింది. నాకున్న అభ్యంతరం ఇక్కడే, చిన్నా. కొత్తగా గీసుకునేవాడికి ఎక్కడో తెగిందనుకో. చెయ్యి ఒత్తిందా, వాలు తప్పిందా, నురగ ఆరిపోయిందా, బ్లేడు మొద్దుబారిందా, ఏదో ఒకటి కారణం. చక్రం ఉన్న రేజరైతే వాడు ముందు చక్రాన్ని తిప్పుతాడు. రేపు ఇంకో అంకె, ఎల్లుండి మరో అంకె. తప్పు ఎక్కడుందో తెలియకుండానే నెల గడిచిపోతుంది. మారనిది ఒకటి చేతిలో ఉంటే, మారాల్సింది తన చెయ్యేనని తొందరగా తెలుస్తుంది. పైగా చక్రం ఉన్నదానికి లోపల ముక్కలు ఎక్కువ, సబ్బు పేరుకుంటుంది, ఓపిగ్గా కడగాలి. బరువూ, ధరా కూడా ఎక్కువే. మూడు ముక్కలది పంపు కింద పెడితే శుభ్రం.

అందుకని నా మాట ఇది. ముందు అంకెల్లేనిది, మెత్తగా నడిచేది కొనుక్కో. ఒక ఏడాది దాంతోనే గీసుకో. అప్పటికి నీ గడ్డం సంగతి నీకు తెలుస్తుంది. రోజూ గీసుకునే అలవాటైతే అదే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. మీ నాన్నలాగా ఒక వారం రోజూ, ఇంకో వారం ఆదివారం మాత్రమే గీసుకునేవాడివైతే అప్పుడు చక్రం ఉన్నది కొనుక్కో. దాని గొప్ప అప్పుడు తెలుస్తుంది. మీ నాన్న దాన్ని ఊరికే మోజుపడి కొనలేదు, ఆయన పనికి అది సరిగ్గా సరిపోతుంది. ఎవరైనా "నేను 3 మీద పెడతాను, నువ్వూ 3 పెట్టు" అంటే మాత్రం వినకు. జర్మనీలో సోలింగెన్‌లో చేసే మెర్కూర్ రేజర్లలో ప్రోగ్రెస్ అనేదాని మీద 1 నుంచి 5, ఫ్యూచర్ అనేదాని మీద 1 నుంచి 6 ఉంటాయి. ఒకే కంపెనీవే, అయినా ఒకదాని 3 ఇంకోదాని 3 కాదు.

రెండు మాటలు గట్టిగా చెబుతున్నాను. మీ నాన్న బ్లేడు నువ్వు, నీ బ్లేడు మీ నాన్న వాడకండి. కంటికి కనపడని గీతలోంచి కూడా హెపటైటిస్ బి లాంటి జబ్బులు అంటుకుంటాయి. అయిపోయిన బ్లేడును చెత్తబుట్టలో పడెయ్యకు. మూతకు సన్నటి చీలిక పెట్టిన డబ్బా ఒకటి పెట్టుకుని అందులో వెయ్యి, నిండాక మూత చుట్టూ టేపు వేసి, పైన "బ్లేడులు" అని రాసి విడిగా ఇవ్వు. పొద్దున్నే మన చెత్త ఎత్తేవాళ్లలో చేతికి తొడుగు కూడా లేనివాళ్లు ఉన్నారు. బుజ్జీ, ఆ డబ్బా బాధ్యత నీది.

మిగిలింది వెంట్రుకల వాలు సంగతి. చెక్కకు నార ఎటు పోతుందో చూడకుండా ఆచారి గారు చిత్రిక ముట్టేవారు కాదు. నారకు ఎదురు తోస్తే పేళ్లు లేస్తాయి. గడ్డానికీ వాలు ఉంటుంది. మొదట వాలు వెంబడి గీసుకోవాలి, ఎదురు గీత కొత్తలో వద్దే వద్దు. అయితే చెక్కకు నార చాలావరకు ఒకే దిక్కున సాగుతుంది. గడ్డానికి అలా కాదు. చెంప మీద కిందికి వాలుతుంది, మెడ మీద కొందరికి పైకి, కొందరికి పక్కకు, కొందరికి సుడి తిరిగి ఉంటుంది. ఒకే మనిషికి కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా. ఎవరి ముఖం వాళ్లదే. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఇది వింతగానే ఉంటుంది.

కాబట్టి రేజరు కొనే ముందు రెండు రోజులు గడ్డం పెరగనివ్వు. వేలి కొసతో మెడ మీద నాలుగు దిక్కులా రాసి చూడు. నునుపుగా జారితే వాలు, గరుకుగా తగిలితే ఎదురు. ఒక కాగితం మీద ముఖం గీసి బుజ్జి చేత బాణం గుర్తులు వేయించు. ఆదివారం మీ నాన్న గీసుకోకముందే ఆయనవీ వేయండి. రెండు కాగితాలూ ఫోటో తీసి నాకు పంపండి.

అమ్మను అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య