హోటల్ స్పాలో ఒక గంట: అపోహలు, వాస్తవాలు

మా స్పాకి వచ్చేవాళ్ళలో అందుకోసమే హైదరాబాద్ వచ్చినవాళ్ళు దాదాపు ఉండరు. హైటెక్ సిటీలో రెండు రోజుల మీటింగులకి వచ్చినవాళ్ళు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ అయిపోయి ఊపిరి పీల్చుకుంటున్నవాళ్ళు, పెళ్ళికొచ్చి రాత్రి రైలు దాకా ఏం చెయ్యాలో తోచనివాళ్ళు, శంషాబాద్‌లో దిగి సొంతూరు వెళ్ళేలోపు ఒక రోజు ఆగిన ఎన్నారైలు. అందరికీ ఉండేది గంట, మహా అయితే గంటన్నర. అందులో సగం వినికిడి కబుర్ల వల్లే పాడవుతుంది. థెరపిస్టుగా చేరి, ఇప్పుడు షిఫ్టు కూడా చూసుకుంటున్నాను కాబట్టి నాకు రోజూ వినపడే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: రూమ్ తీసుకున్నవాళ్ళకే స్పా.

వాస్తవం: సిటీ హోటళ్ళలో చాలావరకు బయటివాళ్ళని కూడా రానిస్తాయి. ముందు అపాయింట్‌మెంట్ ఉండాలి, అంతే. మసాజ్‌తో పాటు స్టీమ్ ఇస్తారా, పూల్ వాడుకోవచ్చా అన్నది హోటల్‌ని బట్టి మారుతుంది, ఫోన్‌లోనే అడిగెయ్యండి. సాయంత్రాలు, శనాదివారాలు మాకు ఊపిరాడదు. పనిరోజుల్లో మధ్యాహ్నం మూడింటికి వస్తే స్పా అంతా మీదే అన్నట్టుంటుంది.

రూమ్ ఖాళీ చేశాక వచ్చినా ఇబ్బంది లేదు. సామాను బెల్ డెస్క్ దగ్గర పెట్టండి. స్పాలోనే షవర్ ఉంటుంది, స్నానం చేసి అటునుంచి అటే స్టేషన్‌కి వెళ్ళిపోవచ్చు. రాత్రి ప్రయాణం ఉన్నవాళ్ళకి నేను చెప్పే టైమ్ ఇదే.

అపోహ: ఎలాగూ డబ్బు కడుతున్నాం కదా, గంటలో అన్నీ చేయించుకోవాలి.

వాస్తవం: మెనూలో స్క్రబ్, మసాజ్, ఫేషియల్, ఫుట్ రిఫ్లెక్సాలజీ (పాదాల్లో కొన్ని చోట్ల నొక్కే మసాజ్) అన్నీ కలిపిన ప్యాకేజీ కనిపించగానే లాభసాటిగా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. గంట మసాజ్ అంటే వీపుకి ఇరవై నిమిషాలు, రెండు కాళ్ళకి ఇరవై, చేతులకి పది, మెడకీ తలకీ కలిపి పది. ఒక్క మసాజ్‌కే ఇంత ఇరుకు. అందులో ఫేషియల్ కూడా దూరిస్తే గరిటెడు నెయ్యి పంక్తి మొత్తానికి వడ్డించినట్టే, ఏ విస్తట్లోనూ కనపడదు.

రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్ళయితే "ఈ గంటా వీపు, మెడ, భుజాలే చూడండి" అని చెప్పండి. కాళ్ళు వదిలేసినా ఏం నష్టం లేదు. పొద్దున్నే గోల్కొండ 300 పైచిలుకు మెట్లెక్కి, అక్కడి నుంచి చార్మినార్, లాడ్ బజార్, చౌమహల్లా తిరిగొచ్చినవాళ్ళు అరగంట పాదాలూ పిక్కలూ పట్టించుకుంటే చాలు. ఖర్చు తక్కువ, హాయి ఎక్కువ. రిఫ్లెక్సాలజీ చార్టులో పాదంలో ఫలానా చోటు లివర్, ఫలానా చోటు కిడ్నీ అని రాసుంటుంది. అక్కడ నొక్కితే ఆ అవయవం బాగవుతుందని రుజువు లేదు, నేను గెస్టులకి అలా చెప్పను కూడా. అలిసిన పాదాలకి సుఖంగా ఉంటుంది, అందుకు తీసుకోండి.

ఇంకో సంగతి. ఐదు గంటల అపాయింట్‌మెంట్ అంటే పావుగంట ముందే రావాలి. ఫామ్ నింపాలి, బట్టలు మార్చుకోవాలి, కాళ్ళు కడిగించుకోవాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఐదూ ఇరవైకి వస్తే మీ గంట నలభై నిమిషాలవుతుంది, ఆరింటికి వేరేవాళ్ళు ఉంటారు కాబట్టి. గచ్చిబౌలి నుంచి బంజారాహిల్స్ సాయంత్రం పూట ఎంతసేపో హైదరాబాద్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అపోహ: నొప్పి పుట్టేలా నొక్కితేనే మసాజ్.

వాస్తవం: "గట్టిగా చెయ్యమ్మా, డబ్బులు కట్టాను" అనేవాళ్ళు వారానికి ఒకరైనా వస్తారు. మొహం బెడ్ చివర రంధ్రంలో పెట్టి బోర్లా పడుకుంటారు కాబట్టి మీ మొహం మాకు కనపడదు. ఒళ్ళు మాత్రం అన్నీ చెప్పేస్తుంది. మెడకింద, రెక్క ఎముక పక్కన బొటనవేలు దిగగానే ఊపిరి ఆగిపోతుంది. కాలివేళ్ళు ముడుచుకుంటాయి. భుజం నెమ్మదిగా చెవి వైపు లేస్తుంది. పైకి "బానే ఉంది, కానివ్వండి" అంటూనే ఉంటారు. ఆ క్షణంలో కండరం మా చేతిని తోసేస్తోంది. అది వదులయ్యే పని మానేసి బిగుసుకునే పనిలో పడింది. అక్కడే ఒత్తిడి కాస్త తగ్గించి, అరచేతితో నిదానంగా పోతే రెండు నిమిషాల్లో దానంతటదే దిగుతుంది.

భరించగలిగే నొప్పి, ఊపిరి తీస్తూ ఉండగలిగే నొప్పి వరకు ఫరవాలేదు. పళ్ళు బిగబట్టాల్సి వస్తే వెంటనే ఆపమనండి. డీప్ టిష్యూ (లోపలి కండరాల దాకా గట్టిగా నొక్కే మసాజ్) చేయించుకున్న మర్నాడు ఒళ్ళు పులిసినట్టుండటం మామూలే. అందుకే తెల్లారి ఫ్లైట్ ఉండి, భుజానికి బ్యాగు వేసుకుని పరుగెత్తాల్సినవాళ్ళకి నేను అంతకంటే తేలిగ్గా ఉండే స్వీడిష్ మసాజే చెప్తాను. ఇక "లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయింది, పిండి తీసెయ్యాలి" అని కొందరు జిమ్ కుర్రాళ్ళు చెప్తుంటారు. వ్యాయామం ఆపిన గంట సేపట్లో ఒళ్ళే దాన్ని సర్దేసుకుంటుంది. మేం తీసేది ఏమీ ఉండదు.

అపోహ: మసాజ్‌తో ఒంట్లో టాక్సిన్లు పోతాయి, స్టీమ్‌లో కూర్చుంటే బరువు తగ్గుతారు.

వాస్తవం: వ్యర్థాలు తీసే పని లివర్‌ది, కిడ్నీలది. వాటి పని మా చేతులు చెయ్యలేవు. స్టీమ్ తర్వాత కాటా మీద తగ్గిన అరకేజీ చెమట రూపంలో పోయిన నీళ్ళు, రెండు గ్లాసులు తాగగానే తిరిగొస్తాయి. మా మెనూల్లో కూడా 'డిటాక్స్' అని రాసుంటుంది, నాకు తెలుసు. మెనూ రాసేది మేం కాదు.

అపోహ: లాంగ్ ఫ్లైట్ దిగి కాళ్ళు వాస్తే వెంటనే మసాజ్ చేయించుకోవాలి.

వాస్తవం: మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. అమెరికా నుంచి వచ్చేసరికి ఒక రోజు దాదాపు సీట్లోనే గడిచిపోతుంది. పాదాలు రెండూ సమానంగా కాస్త ఉబ్బడం చాలామందికి ఉంటుంది, నడిస్తే, కాళ్ళు ఎత్తి పెట్టుకుంటే పోతుంది. కానీ ఒక్క కాలే వాచినా, ఒక పిక్కే నొప్పిగా, వేడిగా, ఎర్రగా ఉన్నా ఆ కాలి మీద ఎవరి చెయ్యీ పడనివ్వకండి. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. గంటల తరబడి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. అలాంటి కాలిని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల దాకా పోయే ప్రమాదం ఉంది. చూడాల్సింది డాక్టరు, అదీ ఆ రోజే.

మా అమ్మ వయసున్న ఒకావిడ ఒకసారి "ఏం లేదమ్మా, కూర్చుని కూర్చుని పట్టేసింది, కాస్త నూనె రాసి లాగు" అని కుడికాలు చూపించారు. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా కనపడుతోంది. నేను చెయ్యనన్నాను. ఆవిడ అలిగారు, కొడుకు రిసెప్షన్‌లో గొడవపడ్డాడు. పడనీ.

అపోహ: ఆ ఫామ్ ఊరికే ఫార్మాలిటీ.

వాస్తవం: బీపీ, షుగర్, గర్భం, స్టెంటు, రక్తం పలచబడే మందులు, ఈ మధ్య జరిగిన ఆపరేషన్లు, అలర్జీలు. అన్నిటికీ చకచకా 'లేదు' అని టిక్ పెట్టేసి సంతకం చేస్తారు. మసాజ్ సగంలో ఉండగా "అన్నట్టు, మొన్ననే స్టెంటు వేశారు" అంటారు.

ముఖ్యంగా షుగర్. మనవాళ్ళలో ఇది లేని ఇల్లు తక్కువ. చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గిపోయి ఉండొచ్చు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో, వేలు ఎంత గట్టిగా దిగుతోందో వాళ్ళకి తెలియదు. మేం "సరిపోయిందా మేడమ్?" అని అడిగితే "ఇంకొంచెం" అంటారు, చర్మం కమిలాక గానీ బయటపడదు. షుగర్ అని ముందే రాస్తే హాట్ స్టోన్ (ఒంటి మీద పెట్టే వేడి రాళ్ళు) పెట్టం, నీళ్ళు గోరువెచ్చగా ఉంచుతాం, పాదానికి పుండు గానీ పగులు గానీ ఉందేమో చూస్తాం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి డీప్ టిష్యూ వద్దు, కమిలిన మచ్చలు తేలతాయి. గర్భిణులైతే ముందు డాక్టర్ని అడగండి. స్టీమ్, సానా, జకూజీ (వేడినీళ్ళ తొట్టి) మూడింటికీ దూరంగా ఉండండి.

అపోహ: స్టీమ్, సానాల్లో ఎంతసేపు ఓర్చుకుంటే అంత మంచిది.

వాస్తవం: పది నిమిషాలు, అలవాటున్నవాళ్ళకి పదిహేను. సానాలో 70 నుంచి 90 డిగ్రీల పొడి వేడి ఉంటుంది, చెమట వెంటనే ఆరిపోతుంది. స్టీమ్‌లో 45 డిగ్రీల దగ్గరే ఉన్నా గాలి నిండా తేమే, చెమట ఆరదు కాబట్టి ఒళ్ళు చల్లబడటానికి దారి ఉండదు. తల తిరిగినట్టనిపిస్తే బయటికి వచ్చెయ్యండి, పందెం ఎవరితోనూ లేదు. కాంటాక్ట్ లెన్సులు తీసెయ్యండి. మందు తాగి మాత్రం అసలు వద్దు: వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, మద్యానికీ అవుతాయి, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కిందపడతారు.

భోజనం సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం బిర్యానీ లాగించి తిన్నగా బోర్లా పడుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండు గంటలు ఆగి రండి.

అపోహ: బట్టలన్నీ విప్పాలి, ఎవరు చేస్తారో ఏమో.

వాస్తవం: ఆడవాళ్ళు ఎక్కువగా దీనికే జంకుతారు, పైకి చెప్పరు. మా దగ్గర ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారు. మీరు వెళ్ళే చోట పద్ధతి ఏమిటో బుకింగ్ అప్పుడే అడగండి, అడగడంలో తప్పేమీ లేదు. డిస్పోజబుల్ లోదుస్తులు ఇస్తారు. మీరు మార్చుకుని టవల్ కిందికి చేరేదాకా థెరపిస్టు బయటే ఉంటుంది. ఆ తర్వాత కూడా చేస్తున్న భాగం మీదే టవల్ జరుపుతాం, అయిపోగానే కప్పేస్తాం. పొట్ట వద్దంటే వద్దు, తలకి నూనె వద్దంటే వద్దు.

మంగళసూత్రం తియ్యమని మేం అడగం. పక్కకి జరిపి, చిన్న టవల్ చుట్టి పని కానిస్తాం. సానాలోకి మాత్రం లోహం ఏదైనా చురుక్కుమంటుంది, అప్పుడు మీ ఇష్టం.

అసలు బట్టలు విప్పడమే ఇష్టం లేకపోతే థాయ్ మసాజ్ ఉంది. వదులైన పైజామా, చొక్కా ఇస్తారు, నూనె ఉండదు, పరుపు మీద సాగదీస్తూ, ఒత్తుతూ చేస్తారు. 2019లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిన విద్య అది. తర్వాత మీటింగ్ ఉన్నవాళ్ళకి కూడా ఇదే నయం, జుట్టు చెదరదు.

మరో రకం ఆశలతో వచ్చే మగవాళ్ళకి ఒక్క ముక్క: సెషన్ అక్కడితో ఆగిపోతుంది, బిల్లు పూర్తిగా కట్టాలి, సెక్యూరిటీ వస్తారు.

అపోహ: మసాజ్ నూనె కడిగేస్తే ఫలితం పోతుంది.

వాస్తవం: దీపావళికి తలంటిన నూనెని మన అమ్మమ్మలు ఎప్పుడన్నా ఒంటి మీద ఉండనిచ్చారా? సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడుకాయ రసంతో రుద్ది మరీ వదిలించేవాళ్ళు. పావుగంట ఆగి గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేసెయ్యండి. శిరోధార (నుదుటి మీద ధారగా నూనె పోయడం) చేయించుకుంటే జుట్టంతా నూనె అవుతుంది, ఒక్క షాంపూకి పోదు. రాత్రికి రిసెప్షన్ ఉంటే శిరోధార జోలికి పోకండి. పెళ్ళి రోజు పొద్దున కొత్త ఫేషియల్ కూడా వద్దు, మొహం ఎర్రబడితే ఫొటోల్లో జీవితాంతం ఉంటుంది. వ్యాక్సింగ్ గానీ షేవింగ్ గానీ చేసుకుని ఒక రోజైనా గడవకముందే స్క్రబ్ పెట్టించుకోకండి, మండుతుంది.

అపోహ: మధ్యలో మాట్లాడితే బాగుండదు. (లేదా: మాట్లాడకపోతే బాగుండదు.)

వాస్తవం: రెండూ మీ ఇష్టమే. ఏసీ చలిగా ఉందనీ, పాట ఆపమనీ చెప్పొచ్చు. నిద్రపోయి గురక పెట్టినా మాకేం ఇబ్బంది లేదు, నిజానికి సంతోషం. నేను తెలుగమ్మాయినని తెలియగానే ఊరూ పేరూ పెళ్ళీ పిల్లలూ ఆరా తీస్తూ గంటా గడిపేసే ఆంటీలున్నారు. వాళ్ళకి విశ్రాంతి అదేనేమో అనుకుంటాను.

అపోహ: టిప్పు ఇవ్వకపోతే సరిగ్గా చెయ్యరు.

వాస్తవం: టిప్పు ఆఖర్న ఇచ్చేది కదా, అప్పటికి పని అయిపోయి ఉంటుంది. మెనూ కార్డు మీది ధర పక్కన 'పన్నులు అదనం' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, మొత్తం ఎంతవుతుందో ముందే అడిగి కూర్చోండి. హోటళ్ళు, రెస్టారెంట్లు సర్వీస్ చార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది. ఆ లైను కనిపిస్తే తీసెయ్యమని అడగొచ్చు. ఇవ్వాలనిపిస్తే చేసినమ్మాయి చేతికే ఇవ్వండి. డబ్బు ఇవ్వకపోయినా ఫీడ్‌బ్యాక్ కార్డులో ఆ అమ్మాయి పేరు రాయండి. వచ్చే నెల రోస్టర్ వేసేటప్పుడు ఆ కార్డులే ముందు పెట్టుకుంటాం.