మైకు లేని పాట, నెల జీతం: ఒపెరా గురించి అపోహలు - వాస్తవాలు

జర్మనీలోని ఒక ఒపెరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకం) థియేటర్ కోరస్‌లో, అంటే బృందగానంలో, పాడటం నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే మనవాళ్లు అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. "అంతలా అరిస్తే గొంతు పోదూ?" దగ్గర మొదలై "ఒక్క షోకి లక్షలిస్తారటగా?" దగ్గర ఆగుతాయి. అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తాను.

అపోహ: మైకు లేకుండా హాలంతా వినబడాలంటే గట్టిగా అరవాలి.

వాస్తవం: అరిస్తే ఆర్కెస్ట్రా (వాద్యబృందం) మింగేస్తుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో దాదాపు 3,800 సీట్లు. స్టేజీ ముందున్న గోతిలో డెబ్బై ఎనభై మంది వాయిస్తుంటారు. బలంతో వాళ్లని గెలవడం ఏ మనిషి వల్లా కాదు. అయితే ఆర్కెస్ట్రా శబ్దంలో జోరంతా 500 హెర్ట్జ్ (సెకనుకి 500 కంపనాలు) చుట్టూ ఉంటుంది, అక్కణ్నుంచి పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. సాధన చేసిన గొంతులో మాత్రం 3,000 హెర్ట్జ్ దగ్గర శక్తి పోగవుతుంది. మన చెవి బాగా చురుగ్గా వినేదీ ఆ చుట్టుపక్కలే. అంటే గాయకుడు ఆర్కెస్ట్రాతో పోటీ పడడు, అది ఖాళీగా వదిలేసిన చోట పాడతాడు. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970ల్లో దీన్ని కొలిచి వివరించారు. స్వరపేటికను కొద్దిగా కిందికి ఉంచి, దాని పైభాగం సన్నగా, గొంతు వెనక భాగం విశాలంగా ఉండేలా అలవాటు చేసుకుంటే ఈ గుణం వస్తుంది. చెప్పడానికి ఒక్క వాక్యం, ఒంటబట్టడానికి ఏళ్లు.

సోప్రానోల (ఆడవాళ్లలో బాగా పై స్థాయిలో పాడేవాళ్ల) సంగతి వేరు. పై స్థాయిలో వాళ్లు నోరు బాగా తెరిచి, లోపలి ప్రతిధ్వనిని పాడే స్వరానికి సరిపోయేలా మార్చుకుంటారు. దాంతో అ, ఇ, ఎ అన్నీ ఒకేలా వినిపిస్తాయి. మాట అర్థం కాలేదని బాధపడకండి, పాట ఇటాలియన్‌దైనా ఇటలీవాళ్లకీ అర్థం కాదు. స్టేజీ పైన తెర మీద మాటలు చూపించే పద్ధతి 1983లో టొరంటోలో మొదలైంది. ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద థియేటర్లోనూ ఉంది.

అపోహ: లావుగా ఉంటేనే గొంతు పలుకుతుంది.

వాస్తవం: ఊపిరిని అదుపు చేసేది కండరాలు, కొవ్వు కాదు. కొమ్ముల టోపీ పెట్టుకున్న భారీ మనిషి కార్టూన్లలో కనిపిస్తుంది కదా, ఆ టోపీ 1876లో జర్మనీలోని బైరాయిట్ ఊళ్లో స్వరకర్త వాగ్నర్ ఒపెరాలకి డోప్లర్ అనే ఆయన గీసిన కాస్ట్యూముల నుంచి వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది దానికి పూర్తిగా ఎదురు. 2004లో లండన్ రాయల్ ఒపెరా డెబొరా వోయిట్ అనే ప్రసిద్ధ సోప్రానోని, డైరెక్టర్ అనుకున్న నల్ల గౌనుకి ఆమె సరిపోరని పక్కన పెట్టింది. తర్వాత ఆమె బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారు. 2006 చివర్లో మెట్రోపాలిటన్ తన ప్రదర్శనల్ని సినిమా హాళ్లకి ప్రత్యక్షంగా పంపడం మొదలుపెట్టింది. కెమెరా దగ్గరికొచ్చాక రూపం గురించిన టెన్షన్ ఇంకా పెరిగిందనే నా అభిప్రాయం. ఇది మంచి మార్పని మాత్రం అనను.

అపోహ: కరక్కాయ, పటికబెల్లం, మిరియాల పాలతో గొంతు బాగుపడుతుంది.

వాస్తవం: వీటితో నాకు పేచీ లేదు, నా సంచిలోనూ కరక్కాయ ఉంటుంది. కానీ మింగినదేదీ స్వరతంతువులను తాకదు. తాకితే పొలమారుతుంది. బుగ్గన కరక్కాయ పెట్టుకుంటే లాలాజలం ఊరి నోరు ఎండిపోదు, అంతవరకే. సోప్రానో హై సి అనే బాగా పై స్వరం పాడుతున్నప్పుడు ఆ తంతువులు సెకనుకి వెయ్యిసార్లకు పైగా ఒకదానికొకటి తగులుతాయి. వాటికి కావలసింది నీళ్లు, నిద్ర, మౌనం. గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోవద్దు, చాలామందికి అది ఇంకా శ్రమే. అందుకే రిహార్సల్లో మేం తరచూ సగం గొంతుతో పాడతాం, పై స్వరాలు ఒక స్థాయి దించేస్తాం. దీన్ని మార్కింగ్ అంటారు. కొత్తవాళ్లు చూస్తే బద్ధకమనుకుంటారు.

అపోహ: కర్ణాటక సంగీతం వస్తే ఒపెరా సులువు. లేదా, అసలు పనికిరాదు.

వాస్తవం: రెండూ తప్పే. తాళం, స్వరజ్ఞానం బాగా పనికొస్తాయి. ఇబ్బంది శ్రుతి దగ్గర. కర్ణాటక సంగీతంలో మన గొంతుకి ఏ శ్రుతి సరిపోతే అది పెట్టుకుంటాం. ఒపెరాలో స్థాయిని స్వరకర్త రాసేశాడు, ఆర్కెస్ట్రా మొత్తం అందులోనే ఉంటుంది. అందుకని గొంతుని బట్టి పాత్ర వస్తుంది, పాత్రని బట్టి గొంతు మారదు. ఇక వయసు: ఐదేళ్లకే సరళీవరుసలు మొదలుపెట్టినట్టు ఇక్కడ పెట్టరు. గొంతు శిక్షణ గట్టిగా సాగేది గొంతు మారాక, పదిహేడు పద్దెనిమిదేళ్లప్పటి నుంచి. బరువైన పాత్రలు పాడే గొంతులు ముప్ఫై దాటాక గాని పక్వానికి రావు.

అపోహ: ఒపెరా గాయకులంతా ధనవంతులు.

వాస్తవం: పేరు తెలిసిన కొద్దిమందిని చూసి అనుకునే మాట ఇది. జర్మనీలో ప్రభుత్వాల డబ్బుతో నడిచే ఒపెరా థియేటర్లు 80కి పైగా ఉన్నాయి, చాలావాటిలో సోలో గాయకులు నెల జీతానికే పనిచేస్తారు. ఆ ఒప్పందం సాధారణంగా ఒక సీజన్‌కి. కొనసాగించడం ఇష్టం లేకపోతే థియేటర్ అక్టోబర్ 31లోపు చెప్పాలి. అందుకే మా థియేటర్ క్యాంటీన్‌లో అక్టోబర్ నెలంతా అదో రకంగా ఉంటుంది. కొత్త మేనేజర్ వస్తే ఇంకా భయం, ఆయన తనవాళ్లని తెచ్చుకుంటాడు.

ఫ్రీలాన్స్ వాళ్లకి షోకి ఇంత అని ఇస్తారు. ఐదారు వారాల రిహార్సల్‌కి చాలాచోట్ల విడిగా డబ్బు ఉండదు. ఇంటి అద్దె వాళ్లదే, ఏజెంట్ వాటా వాళ్లదే. జలుబు చేసి ఆ సాయంత్రం పాడకపోతే ఆ రోజు సంపాదన సున్నా. 2020లో థియేటర్లు మూతపడినప్పుడు ఎంతోమంది ఒప్పందాలు పైసా రాకుండానే రద్దయ్యాయి.

ఒకరికి జబ్బు చేస్తే ఇంకొకరికి పని. పొద్దున ఫోన్ వస్తుంది, మధ్యాహ్నం రైల్లో ఉంటారు, రాత్రి స్టేజీ పక్కన స్టాండు ముందు నిలబడి పాడతారు. స్టేజీ మధ్యలో అసిస్టెంట్ డైరెక్టర్ పెదవులు కదుపుతూ నటిస్తుంటాడు. 2006 డిసెంబర్‌లో ఇటలీలోని మిలాన్ లా స్కాలా థియేటర్లో అయిదా అనే ఒపెరా నడుస్తుండగా ప్రేక్షకులు ఎగతాళి చేశారని టెనర్ (మగవాళ్లలో పై స్థాయిలో పాడేవాడు) రొబెర్తో అలాన్యా స్టేజీ దిగి వెళ్లిపోయాడు. ప్రత్యామ్నాయంగా ఉన్న అంతొనెల్లో పలోంబి మామూలు బట్టల్లోనే పరిగెత్తుకొచ్చి పాట అందుకున్నాడు.

అపోహ: సోలో పాడలేనివాళ్లే కోరస్‌లో ఉంటారు.

వాస్తవం: కోరస్ పని అంటే ఉదయం రిహార్సల్, మధ్యాహ్నం ఇల్లు, సాయంత్రం మళ్లీ పని, పండగపూట కూడా పని. దానికి బదులు స్థిరమైన జీతం, ఒకే ఊళ్లో కాపురం, పిల్లల బడి. చాలామంది కావాలని ఎంచుకునే దారి ఇది.

అపోహ: చూడాలంటే సూటు, బోలెడు డబ్బు కావాలి.

వాస్తవం: వియన్నా స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే టికెట్లు చాలా చౌక. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలకి చెప్పేదేమంటే, చాలా థియేటర్లు విద్యార్థి కార్డు చూపిస్తే షోకి కాసేపటి ముందు మిగిలిన టికెట్లు తగ్గింపు ధరకి ఇస్తాయి. జీన్స్‌లో వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. లావుపాటి చలికోటు మాత్రం క్లోక్‌రూమ్‌లో ఇచ్చెయ్యాలి, లోపలికి తీసుకెళ్లనివ్వరు.