విషం కొంత, భయం కొండంత: బ్రౌన్‌ఫీల్డ్ గ్రాంట్ల వెనుక కథ

మూతపడిన కర్మాగారాల నేలను శుభ్రం చేసి మళ్లీ వాడుకోవడానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని బ్రౌన్‌ఫీల్డ్ గ్రాంట్లు అంటారు. వీటి మూలాలు వెతికితే, అంతకు ముందే వచ్చిన ఒక మంచి చట్టం దగ్గరికి వెళ్లి ఆగుతాం.

న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ నగరంలో లవ్ కెనాల్ అనే పాత కాలువ ఉండేది. హుకర్ కెమికల్ సంస్థ 1942 నుంచి 1953 వరకు అందులో దాదాపు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలను పూడ్చింది. పైన మట్టి కప్పి, ఆ స్థలాన్ని 1 డాలరుకు స్థానిక పాఠశాల బోర్డుకు ఇచ్చేసింది. అక్కడ బడి వెలిసింది, చుట్టూ ఇళ్లు లేచాయి. 1970ల చివరికి ఆ ఇళ్ల నేలమాళిగల్లోకి విషం ఊరింది. తల్లులు వీధిలోకి వచ్చి పోరాడారు. 1978 ఆగస్టులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

ఆ ఆగ్రహంలోంచే 1980 డిసెంబరులో, విషం నిండిన స్థలాలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం పుట్టింది. చమురు, రసాయన కంపెనీలపై పన్ను వేసి నిధి సమకూర్చింది. బాధ్యతను మాత్రం చాలా గట్టిగా బిగించింది. నిర్లక్ష్యం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. చట్టం రాకముందు పారబోసిన వ్యర్థాలకూ జవాబు చెప్పాల్సిందే. పది మంది కలిసి పాడుచేసినా మొత్తం ఖర్చు ఒక్కరి దగ్గరే వసూలు చేయవచ్చు. స్థలం ప్రస్తుత యజమాని కూడా బాధ్యుల్లో ఒకరు. లవ్ కెనాల్ తల్లుల వైపు నిలబడి చూస్తే ఇందులో అన్యాయం ఏమీ కనిపించదు.

కానీ పాత ఫ్యాక్టరీ స్థలాన్ని కొనడమంటే తెలియని అప్పును నెత్తికెత్తుకోవడంతో సమానమైంది. 1990లో ఫ్లీట్ ఫ్యాక్టర్స్ కేసులో అప్పిచ్చిన సంస్థ మీదా బాధ్యత పడవచ్చని అప్పీళ్ల కోర్టు చెప్పడంతో బ్యాంకులు మరింత జంకాయి. నేలలో నిజంగా విషం ఉండనక్కర్లేదు, అనుమానం చాలు. నగరాల నడిబొడ్డున స్థలాలు ముళ్లకంచెల వెనుక బీడుపడ్డాయి. కొత్త పరిశ్రమలు ఊరి బయటి పచ్చని పొలాల వైపు మళ్లాయి. ఉపాధి పోయింది పాత ఫ్యాక్టరీల పక్కన బతికే పేదలకే.

1993లో పర్యావరణ పరిరక్షణ సంస్థ మొదటి ప్రయోగాత్మక గ్రాంటును క్లీవ్‌లాండ్ నగరం ఉన్న కయహోగా కౌంటీకి ఇచ్చింది. అది 2 లక్షల డాలర్లు. మట్టి తవ్వి ఎత్తిపోయడానికి కాదు, ఏ స్థలంలో ఏముందో తెలుసుకుని ప్రణాళిక వేసుకోవడానికి. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. పరీక్ష జరిగితే భయానికి ఒక లెక్క వస్తుంది. లెక్క ఉన్నచోట కొనేవారూ, అప్పిచ్చేవారూ ముందుకొస్తారు.

2002 జనవరిలో వచ్చిన చట్టం ఈ గ్రాంట్లకు స్థిరమైన పునాది వేసింది. ముందుగా తగిన విచారణ చేసుకుని కొన్నవారికి పాత కాలుష్యం బాధ్యత నుంచి రక్షణ కల్పించింది. శుభ్రపరిచే గ్రాంటు పరిమితి స్థలానికి 2 లక్షల డాలర్లు. 2018లో దాన్ని 5 లక్షలకు పెంచారు. 2021 మౌలిక వసతుల చట్టం ఈ కార్యక్రమానికి 150 కోట్ల డాలర్లు కేటాయించింది. ఈలోగా సూపర్‌ఫండ్ పన్ను 1995లో గడువు తీరి ఆగిపోయింది. దాన్ని తిరిగి తేవడానికి పావు శతాబ్దం పట్టింది. అన్నాళ్లూ కంపెనీలు మోయాల్సిన భారంలో పెద్ద వాటా సామాన్యుల పన్నుల మీద పడటం నాకు మింగుడుపడని విషయం.

మన దగ్గర కలుషిత స్థలాలను శుభ్రం చేయడానికి 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన పథకంలో హైదరాబాద్ కాటేదాన్‌లోని నూర్ మహ్మద్ కుంటను, కడప చెత్త డంపును ప్రయోగాత్మకంగా ఎంచుకున్నారు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. పాడుచేసినవారే ఖర్చు భరించాలి, వారు దొరకకపోతే ప్రభుత్వాలు భరించాలి అన్నది వాటి సారం. అయితే కాటేదాన్, పటాన్‌చెరు లాంటి చోట్ల స్థానిక సంస్థల చేతికి ముందుగా అందాల్సింది, తమ నేలలో ఏముందో పరీక్షించుకునే డబ్బు. 1993లో కయహోగా కౌంటీకి అందింది అదే.