నీళ్ళ రిపోర్టుల ఒక అంకె ఎక్కడినుంచి వస్తది

పోయిన ఎండకాలం మా ల్యాబ్‌కి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన సార్ ముందుగాల ఒక్క మెషీన్ కూడా చూడలే. కుర్చీల కూసున్నడు, మంచినీళ్ళు తాగిండు, పాత రిపోర్టుల ఫైలు అడిగిండు, నడుమల నుంచి ఒక కాయితం గుంజి నా ముందట పెట్టి "అమ్మా, ఈ 2.1 ఎట్లొచ్చిందో చూపియ్యండి" అన్నడు. అది ఎనిమిది నెలల కిందటి రిపోర్టు. జనగామ దిక్కు ఒక ఊరి బోరు నీళ్ళు, ఫ్లోరైడ్ లీటరుకు 2.1 మిల్లీగ్రాములు. మన తాగునీళ్ళ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు, దాని మీద తాగొద్దు. అంటే ఆ ఒక్క అంకెను నమ్మి ఆ ఊరోళ్ళు ఆ బోరు తాగుడు బంద్ పెట్టాలె. నేను హన్మకొండల ఒక నీళ్ళ పరీక్ష ల్యాబ్‌ల కెమిస్ట్‌ని, ఆ రిపోర్టు కింద సంతకం నాదే.

నీళ్ళ పరీక్ష అంటే సీసా తెచ్చి మెషీన్ల పోస్తరు, అంకె వస్తది అని చాలామంది అనుకుంటరు. మా చుట్టాలే అట్ల అనుకుంటరు. నిజానికి ఆ అంకె వెనుక ఒక పొడుగు దారం ఉంటది, ఆ రోజు నేను సార్‌కి చూపించింది ఆ దారాన్నే. రిపోర్టు మీద శాంపిల్ నంబరు ఉంది, ఆ నంబరు పట్టుకొని శాంపిల్ రిజిస్టర్ తీసిన, అందుట్ల ఏ బోరు, ఎవరు పట్టిండ్రు, ఎన్ని గంటలకు పట్టిండ్రు, ల్యాబ్‌కి ఎప్పుడు చేరింది, ప్లాస్టిక్ సీసానా గాజుదా అన్నీ ఉన్నయ్. అక్కడినుంచి పరీక్ష చేసిన రోజు షీట్ తీసిన. అందుట్ల 2.1 అని ఉండదు, నీళ్ళల్ల ముంచే ఫ్లోరైడ్ కడ్డీ, అంటే ఎలక్ట్రోడ్, ఇచ్చిన మిల్లీవోల్టులు ఉంటయ్, దాని పక్కన ఆ పొద్దున మీటర్‌ని సరిచూసిన స్టాండర్డ్ ద్రావణాల, అంటే ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాల, మిల్లీవోల్టులు ఉంటయ్. ఫ్లోరైడ్ పది రెట్లు పెరిగితే ఆ రీడింగ్ 59 మిల్లీవోల్టులకు అటుఇటుగ పడిపోవాలె, పడిపోకుంటే ఎలక్ట్రోడ్ పాడైనట్టు. ఆ స్టాండర్డ్ ఎవరు చేసిండ్రు, ఎప్పుడు చేసిండ్రు? దానికి ఇంకో రిజిస్టర్. సోడియం ఫ్లోరైడ్ పొడి 0.221 గ్రాములు తూచి లీటరు నీళ్ళల్ల కలిపితే లీటరుకు సరిగ్గ 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం అయితది, మిగతా స్టాండర్డులన్నీ దాన్ని పలచన చేసుకునుడే. మరి తూచిన కాటా సరైందేనా? కాటాకి రోజూ ఒక తెలిసిన బరువు పెట్టి చూసే రిజిస్టర్ వేరే ఉంది. ఆ బరువుకు సర్టిఫికెట్ ఉంది, సర్టిఫికెట్ ఇచ్చినోళ్ళ బరువులను ఎవరు సరిచూసిండ్రో అందుట్ల రాసుంది, అట్ల పోతే చివరికి ఢిల్లీల నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ కాడికి చేరుతది, మన దేశంల కిలో అంటే ఎంతో చెప్పేది వాళ్ళే.

ఇదంతా అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. స్టాండర్డ్ ద్రావణాల రిజిస్టర్ల ఒక దగ్గర సార్ వేలు ఆపిండు. సోడియం ఫ్లోరైడ్ తూకం 0.2213 గ్రాములు అని ఉంది, దాని పక్కన ద్రావణం గాఢత 100 కాదు 100.1 అని లెక్క కట్టి ఉంది. "ఇది బాగుంది" అన్నడు. నాకు అప్పుడు అర్థం కాలే. నాలుగు దశాంశాల కాటా మీద పొడి తూచినోళ్ళకు తెలుసు, చెంచా కొన మీంచి ఒక రేణువు పడ్డా ఆఖరు అంకె మారుతది, ఎంత ఓపికున్నా ప్రతిసారి సరిగ్గ 0.2210 రాదు. ఒక రిజిస్టర్ల ఏడాదంతా 0.2210 అనే ఉంటే అది కాటా రాసిన అంకె కాదు, పుస్తకం చూసి రాసిన అంకె.

తర్వాత ఇంక్యుబేటర్ కాడికి పోయినం. ఇంక్యుబేటర్ అంటే నీళ్ళల్ల బ్యాక్టీరియా ఉందా లేదా చూసేటందుకు ట్యూబులను 37 డిగ్రీల వెచ్చదనంల పెట్టే పెట్టె. దాని టెంపరేచర్ రిజిస్టర్ తీసి ఏప్రిల్ నెల చూసిండు. 37.0, 37.0, 37.0, ముప్పై రోజులు పొద్దున సాయంత్రం అదే. సార్ నెమ్మదిగనే అడిగిండు, "మీ కాడ ఏప్రిల్ల కరెంటు అస్సలు పోలేదా అమ్మా?"

నా గుండె జల్లుమన్నది. ఆ నెల గాలిదుమారాలు వచ్చినయ్, రెండు రాత్రులు మా వీధంతా చీకటే. ఆ రిజిస్టర్ ఇంక్యుబేటర్ కాడ కాదు, ముందు రూంల టేబుల్ మీద ఉండేది, శనివారం నాడు ఎవరు ఖాళీగ ఉంటే వాళ్ళు వారం మొత్తం నింపేది. ఎవరో అని ఎందుకు, అందుట్ల రెండు వారాలు నా చేతిరాతే.

టెంపరేచర్ రాయకపోతే ఏమైతది అని అడిగేటోళ్ళకు ఇది చెప్పాలె. బ్యాక్టీరియా పరీక్షల మనం ఆ సూక్ష్మజీవిని కండ్లతోని చూడం. శాంపిల్ నీళ్ళను మెక్‌కాంకీ బ్రాత్ అనే పోషకద్రవం ఉన్న ట్యూబులల్ల కొద్దికొద్దిగ పోస్తం, లోపట ఒక చిన్న గొట్టం బోర్లించి ఉంటది, 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి చూస్తం. కోలిఫారం అనే బ్యాక్టీరియా గుంపు ఉంటే అవి అందుట్లున్న చక్కెర తిని గ్యాస్ వదుల్తయ్, ఆ చిన్న గొట్టంల బుడగ కనపడ్తది, ఎన్ని ట్యూబులల్ల బుడగ వచ్చిందో లెక్కేసి నీళ్ళల్ల ఎన్ని ఉండొచ్చో పట్టికల చూస్తం. ఇప్పుడు రాత్రి కరెంటు పోయి పెట్టె చల్లబడితే అవి సరిగ పెరగవు, బుడగ రాదు, మనం "లేదు" అని రాస్తం. ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీళ్ళల్ల ఈ.కోలి, అంటే ఆ గుంపుల మలం నుంచి వచ్చేది, ఒక్కటి కూడా కనపడొద్దు. సగం రాత్రి చల్లబడ్డ పెట్టె ఆ మురికినీళ్ళను పాస్ చేస్తది, పిల్లలు తాగుతరు. మెషీన్ అబద్ధం చెప్పలే, రిజిస్టర్ చెప్పింది.

ఇది చిన్న ముచ్చట కాదని తెల్వాలంటే కెనడాల ఒంటారియో రాష్ట్రంల వాకర్టన్ అనే చిన్న ఊరి కథ తెల్సుకోవాలె. 2000 మే నెలల అక్కడ పెద్ద వాన పడి పశువుల పేడ నీళ్ళు ఊరి బావిల దిగినయ్, ప్రమాదకరమైన ఈ.కోలి నల్లాలల్లకు వచ్చింది, 7 మంది చనిపోయిండ్రు, 2300 మంది దాకా జబ్బుపడ్డరు. తర్వాత జస్టిస్ డెన్నిస్ ఒకానర్ విచారణల బయటపడ్డది ఏందంటే, నీళ్ళల్ల ఇంకా మిగిలిన క్లోరిన్ ఎంతుందో రోజూ కొలవాల్సినోళ్ళు కొలవకుండనే ఏండ్ల తరబడి షీట్లల్ల 0.5 అని, 0.75 అని రాస్తూ వచ్చిండ్రు. పేడ లాంటి మురికి క్లోరిన్‌ని తినేస్తది, అందుకే క్లోరిన్ మిగలకపోవుడే ఏదో కలిసిందనేటందుకు మొదటి గుర్తు, ఆ రోజు నిజంగ కొలిచి ఉంటే అక్కడనే తెలిసేది. 1991ల, 1995ల, 1998ల అక్కడ ఇన్‌స్పెక్షన్లు కూడా అయినయ్. ఆ షీట్లను వరుసగ తిరగేసినోళ్ళెవరికైనా రెండే అంకెలు మళ్ళీమళ్ళీ కనపడేటివి. ఇంకోటి, ల్యాబ్‌ల ఈ.కోలి ఉందని తేలినంక ఆ ఫలితం నీళ్ళు సరఫరా చేసేటోళ్ళకు మాత్రమే పోయింది, ఆరోగ్యశాఖకు పోలే, వాళ్ళు అడిగితే నీళ్ళు బాగనే ఉన్నయని జవాబొచ్చింది.

వాకర్టన్‌ల 0.5, మా కాడ 37.0. తేడా ఏంది? మా కాడ ఎవరూ చావలేదు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

ల్యాబ్‌లకు అంతర్జాతీయంగ ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 17025, ఇప్పుడు నడిచేది 2017ల వచ్చింది, మన దేశంల దాని ప్రకారం ల్యాబ్‌ని చూసి గుర్తింపు ఇచ్చేది ఎన్‌ఏబీఎల్. అందుట్ల రికార్డుల గురించి చెప్పిన మాట సూటిగ ఉంటది: చూసిన రీడింగ్ చూసినప్పుడే రాయాలె, ఎవరు రాసిండ్రో తేదీతోని తెల్వాలె, తప్పు దిద్దితే పాతదీ కొత్తదీ రెండూ ఉండాలె. అందుకే మా ల్యాబ్‌ల వైట్‌నర్ సీసా ఉండదు. 7.4 రాయబోయి 4.7 రాస్తే దాని మీద ఒకటే గీత, కింద అంకె కనపడాలె, పక్కన సరైనది, పొట్టి సంతకం, తేదీ. కొట్టివేతలు ఉన్న షీట్ చూసి కొత్తగ వచ్చిన పిల్లలు సిగ్గుపడి ఇంకో కాయితం మీద నీటుగ ఎత్తిరాస్తరు, మొదటిది చింపేస్తరు. నేను వాళ్ళకు చెప్పేది, మరకలున్న ఆ కాయితమే అసలుది, ఎత్తిరాసింది దాని నీడ.

రికార్డు మనల్ని కూడా కాపాడ్తది. ఒకసారి ఒకాయన, ఏ పని చేసేటాయనో చెప్పను, 1.7 వచ్చిన ఫ్లోరైడ్‌ని "మేడం, జర 1.4 ఏసియ్యరాదు, బిల్లు ఆగిపోయింది" అని అడిగిండు. బతిమిలాడిండు, తర్వాత గొంతు పెంచిండు. నేను షీట్ తీసి చూపిచ్చిన, "అన్నా, నేను 1.4 రాసినా ఈ మిల్లీవోల్టు ఒప్పుకోదు, రేపు ఎవరన్నా లెక్క కడితే 1.7ఏ వస్తది" అన్న. పచ్చి రీడింగ్ అక్కడ ఉండబట్టి నాకు ధైర్యం వచ్చింది, లేకపోతే ఆయన మాట, నా మాట.

ఇంకా లోతుకు పోతే నీళ్ళ రసాయనమే సగం ఇన్‌స్పెక్టర్. నీళ్ళల్ల కాల్షియం, మెగ్నీషియం, సోడియం లాంటి ప్లస్ చార్జీ అయాన్లు ఎన్నుంటయో, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బనేట్ లాంటి మైనస్ చార్జీవి అన్నే ఉండాలె, నీళ్ళకు మొత్తంమీద చార్జీ ఉండది కద. రిపోర్టులున్న అంకెలన్నిటిని చార్జీల లెక్కకు మార్చి రెండు దిక్కులు కూడితే దాదాపు సమానం రావాలె, చాలా తేడా వస్తే ఎక్కడో ఒక పరీక్ష తప్పు, లేదంటే చేయకుండనే రాసిండ్రు. ఇది ఇంట్ల కూసొని కూడా కొంచెం చేయొచ్చు. మీ బోరు రిపోర్టు తీసి కండక్టివిటీ (నీళ్ళల్ల కరెంటు ఎంత పారుతదో చెప్పేది) అంకెను 0.65తోని గుణించండి, టీడీఎస్ (నీళ్ళల్ల కరిగిన లవణాల మొత్తం) దానికి దగ్గర్లో ఉండాలె, కండక్టివిటీ 1200 ఉంటే టీడీఎస్ 780 చుట్టుపక్కల ఉంటది గాని 300 ఉండది. పీహెచ్ 8.3 కంటే తక్కువ ఉన్న నీళ్ళల్ల ల్యాబ్‌ల చేసే మామూలు పరీక్షకు కార్బనేట్ కనపడది, అంతా బైకార్బనేటే. పీహెచ్ 7.2 అని రాసి కార్బనేట్ 24 అని కూడా రాస్తే ఆ రెండిట్ల ఒకటి తప్పు. కాల్షియం హార్డ్‌నెస్ మొత్తం హార్డ్‌నెస్ కంటే ఎక్కువ ఉండది. ఎవరో కూసొని అంకెలు కల్పిస్తే ఒక్కొక్కటి విడిగ నమ్మేటట్టే ఉంటయ్, అన్నీ కలిపి చూస్తే ఒకదానితోని ఒకటి పొసగవు.

యూనిట్ రాయని అంకెకు విలువ లేదని కూడా చెప్పాలె. నైట్రేట్ హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, కాని అది నైట్రేట్‌గ లెక్కేస్తే, అందుట్ల నైట్రోజన్ ఒక్కటే లెక్కేస్తే అదే నీళ్ళకు 10 చిల్లర వస్తది. ఎరువులేసే మన చెల్కల పక్క బోర్లకు ఇది చానా ముఖ్యం. "నైట్రేట్ 12" అని రాసి యూనిట్ లేకుంటే అది మంచినీళ్ళా, పసిపిల్లలకు పట్టించొద్దన్న నీళ్ళా తెల్వది. "నిల్" అని రాసుడు కూడా నాకు నచ్చది, ఏ పరీక్షా సున్నాను చూడలేదు, ఇంతకంటే తక్కువుంటే మాకు కనపడది అని ఆ హద్దు రాయాలె.

ఇగ మా 37.0 సంగతి. సార్ దాన్ని లోపంగ రాసి ఇచ్చిండు, కారణం వెతికి సరిచేసి చూపియ్యుమన్నడు. మొదలు మేము "సిబ్బంది జాగ్రత్తగ ఉండాలని చెప్పినం" అని రాసి పంపినం, వెనుకకు వచ్చింది. అది కారణం కాదు, తిట్టు. మళ్ళీ కూసొని ఆలోచిస్తే తేలింది ఏందంటే రిజిస్టర్ ఒక రూంల, థర్మామీటర్ ఇంకో రూంల, పొద్దున శాంపిళ్ళు దిగే టైంకు ఇద్దరే మనుషులం. రిజిస్టర్ తీసేసి ఇంక్యుబేటర్ తలుపుకే షీట్ అంటించినం, దానికి దారంతోని పెన్ను కట్టినం, రాత్రిపూట ఎంత ఎక్కువ ఎంత తక్కువ పోయిందో గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి లోపట పెట్టినం. ప్రతి బ్యాచ్‌తోని బ్యాక్టీరియా ఉందని ముందే తెలిసిన ట్యూబు ఒకటి, ఏమీ లేనిది ఒకటి పెడ్తున్నం. ఉన్నదాంట్ల కూడా బుడగ రాకపోతే ఆ రోజు పెట్టె పనిచేయలేనట్టు.

ఇప్పుడు ఆ షీట్ మీద 36.8 ఉంటది, 37.1 ఉంటది, చేతి మరకలు ఉంటయ్. ఈ మే నెలల ఒక లైన్ ఉంది: పొద్దున 8.10, లోపట 36.9, రాత్రి తక్కువల తక్కువ 29.4, కరెంటు పోయింది, తెలిసిన ట్యూబుల బుడగ రాలే. దాని పక్కన నా సంతకం, కింద ఆ బ్యాచ్ నంబర్లు ఆరు. ఆ ఆరింటికి రిపోర్టు ఇయ్యలే, ఊర్లకు ఫోన్ చేసి మళ్ళీ సీసాలు పంపినం.