‘ఇంట్లోనే ఉంటాను’: పని, కుటుంబం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

సమాజశాస్త్రం పాఠాలు చెప్పడం నా వృత్తి. సెలవుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని నిజామాబాద్, జగిత్యాల వైపు ఊళ్ళలో ఇంటింటి సర్వే చేయిస్తుంటాను. అక్కడి అరుగుల మీదా, తిరిగొచ్చాక మా స్టాఫ్ రూములోనూ తరచూ వినిపించే మాటలివి.

అపోహ: ఇంట్లో ఉండే ఆడమనిషికి పనేమీ లేదు.

విచిత్రమేమిటంటే ఈ మాట ముందుగా అనేది ఆమే. ఒక ఇంట్లో మా విద్యార్థిని "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగింది. "పనేముంది బిడ్డా, ఇంట్లోనే ఉంటాను" అన్నదామె. అప్పుడామె ఒడిలో చేట ఉంది. చేటలో తంబాకు, తడిపి కత్తిరించిన తునికాకు. మాట్లాడుతూనే ఆకు చుట్టి, కొస మడిచి, దారం బిగించి పక్కన వేస్తోంది. మా అమ్మాయి ఫారంలో ‘గృహిణి’ అని రాసేసింది! కొట్టేయించి, ప్రశ్న మార్చమన్నాను: "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారు?" ఈసారి జవాబుకు పేజీ చాలలేదు.

జాతీయ గణాంక కార్యాలయం 2019 కాలవినియోగ సర్వేలో అడిగిందీ ఇదే, 24 గంటల లెక్క. సొంత ఇంటి పని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్ళ సగటు. అలాంటి మగవాళ్ళు 26 శాతమే. 2024లో ఈ లెక్క 289, 88 అయింది. అంటే మగవాళ్ళ వంతు ఇంకా తగ్గింది.

అపోహ: బీడీలు చుట్టడం తీరిక వేళ వ్యాపకం.

ఇంటి దగ్గర చుట్టేవాళ్ళనూ 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్మికులుగానే గుర్తించింది. కూలి వెయ్యి బీడీల లెక్క. బాగాలేవని పక్కన పెట్టిన బీడీల నష్టం ఆమెదే. చీకటి పడ్డాక బడి నుంచి వచ్చిన కూతురు ఆకు కత్తిరిస్తుంది, ఆ పని ఏ లెక్కలోకీ రాదు.

అపోహ: సంపాదిస్తే ఇంట్లో మాట చెల్లుతుంది.

అమర్త్య సేన్ 1990లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని బాగా విప్పి చెప్పారు. ఎంత సంపాదిస్తున్నామన్నదొక్కటే చాలదు, ఎంత తెస్తున్నామని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారన్నదీ ఇంటి నిర్ణయాల బేరంలో బలమే. గల్ఫ్ నుంచి భర్త పంపిన సొమ్ము స్లాబు ఇల్లై నిలబడుతుంది, వీధిలో అందరూ చూస్తారు. బీడీల డబ్బు పప్పులో, ఉప్పులో, పిల్లల మందుల్లో కరిగిపోతుంది. నెల తిరిగేసరికి చూపించడానికేమీ మిగలదు.

అపోహ: భర్త వలసపోతే పెత్తనమంతా భార్యదే.

అన్ని ఇళ్ళలో కాదు. పరిశోధకులు సోనాల్డే దేశాయ్, మంజిష్ఠ బెనర్జీ 2008లో చూపించినట్టు, అత్తమామలకు విడిగా ఉండే భార్యలకు బరువుతో పాటు స్వేచ్ఛా పెరిగింది. అత్తమామలతో ఉండేవాళ్ళకు ఆ మార్పు రాలేదు. ఇంటి తాళం ఎవరి కొంగున ఉందో చూడకుండా వలస గురించి మాట్లాడితే సగమే చెప్పినట్టు.

అపోహ: ఉమ్మడి కుటుంబం పోయింది.

పొయ్యి వేరైంది, అంతే. గుజరాత్‌లోని మహువాలో సమాజశాస్త్రవేత్త ఐ.పి. దేశాయ్ ఎన్నడో గమనించారు: వేరు కాపురాలైనా ఆస్తి, బాధ్యతలు కలిసే ఉంటాయి. మా ఊళ్ళలోనూ పెళ్ళి ఖర్చు దగ్గర అన్నదమ్ములు ఒక్కటవుతారు, పొలం గట్టు దగ్గర మాత్రం ఎవరి లెక్క వారిదే.

అపోహ: ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వచ్చేశారు.

ప్రభుత్వ సర్వేల ప్రకారం 15 ఏళ్ళు నిండిన స్త్రీల శ్రామిక భాగస్వామ్యం (పని చేస్తున్నవాళ్ళు, పని వెతుకుతున్నవాళ్ళు కలిపి) 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పెరిగిన మాట నిజమే. కానీ ఆ పెరుగుదలలో పెద్ద వాటా స్వయం ఉపాధిది. కుటుంబ పొలంలో, కొట్టులో జీతం లేకుండా సాయం చేసేవాళ్ళూ అందులోనే ఉన్నారు. మొన్న ఒక కిరాణా కొట్టులో తక్కెడ పట్టుకుని కూర్చున్నామెను "కొట్టు మీదేనా?" అని అడిగాను. "ఆయనది" అన్నది, చిల్లర లెక్కపెడుతూ.